ఎగిరి వచ్చిన కొండను చూడటానికి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశయాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఒక సంగతి ముందే మనవి చేశాను. నేను వెళ్ళి వచ్చినవాణ్ణి కాను, వెళ్ళబోయేవాణ్ణి. వచ్చే మార్చి చివరి వారంలో నేనూ, మా ఆవిడా చైనాలోని హాంగ్‌జౌ నగరానికి బయలుదేరాలని ఏర్పాట్లు చేసుకుంటున్నాం. “వెళ్ళి వచ్చినవాళ్ళు ఫోటోలు చూపిస్తారు. వెళ్ళేముందు ఏం చూసుకోవాలో మీరు చెప్పండి” అన్నారాయన. సర్వీసంతా నోటు ఫైలు, కరెంటు ఫైలు కుట్టిన చేయి కనుక ఒప్పుకున్నాను.

ఇన్ని ఊళ్ళుండగా హాంగ్‌జౌ ఎందుకని మా అబ్బాయి కూడా అడిగాడు. కొన్నేళ్ళ క్రితం పితృకార్యానికి గయ వెళ్ళినప్పుడు రాజగృహంలో గృధ్రకూట పర్వతం చూశాం. బుద్ధుడు బోధలు చేసిన కొండ. మా ఆవిడ మోకాళ్ళ నొప్పితో పది మెట్లకోసారి కూర్చుంటూ ఎక్కింది. ఆ తరువాత ఒక పుస్తకంలో చదివాం. 4వ శతాబ్దంలో హుయ్‌లీ అనే భారతీయ భిక్షువు హాంగ్‌జౌ చేరి, అక్కడొక కొండను చూసి, “ఇది మా గృధ్రకూటంలా ఉందే, ఇక్కడికెప్పుడు ఎగిరి వచ్చింది?” అని ఆశ్చర్యపోయాడట. అందుకే దాని పేరు ఫేలై ఫెంగ్, అంటే ఎగిరి వచ్చిన కొండ. దాని ఎదుటే ఆయన స్థాపించిన లింగ్‌యిన్ ఆలయం ఉంది. కొండ గుహల్లోను, రాళ్ళమీద మూడు వందలకు పైగా బౌద్ధ శిల్పాలున్నాయి. “ఎగిరిన చోటు చూశాం, వాలిన చోటు కూడా చూద్దామండీ” అంది మా ఆవిడ. ప్రతిపాదన ఆవిడది, నోటు రాసింది నేను.

ఇక ఊరి సంగతి. 1138 నుంచి 1276 వరకు దక్షిణ సుంగ్ వంశానికి ఇదే రాజధాని. మార్కో పోలో దీన్ని ఎంతగానో పొగిడాడు. ఊరి పక్కన పడమటి సరస్సు, వైశాల్యం 6 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. 2011లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ సరస్సు విషయంలో మనవంటివారు తెలుసుకోదగ్గ వ్యక్తి ఒకరున్నారు. సు డోంగ్‌పో మహాకవి. ఆయన ఆ ఊళ్ళో ప్రభుత్వాధికారి కూడా. సరస్సు కలుపుతో పూడిపోతుంటే, 1090లో పూడిక తీయించడానికి అనుమతి, నిధులు కోరుతూ చక్రవర్తికి విన్నపం పంపాడు. తీసిన మట్టిని దూరంగా పారబోయించక, సరస్సుకు అడ్డంగా దాదాపు మూడు కిలోమీటర్ల గట్టు వేయించాడు. ఆ గట్టును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. సకాలంలో కదిలిన ఒక కాగితం తొమ్మిది వందల ఏళ్ళు నిలిచింది!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మొదటిది కాలం. జూన్‌లో ముసురు, జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో గట్టుమీద పీచ్ చెట్లు పూస్తాయి. లుంగ్‌జింగ్ తేయాకు తొలి కోత కూడా అప్పుడే. అయితే ఏప్రిల్ 5 ప్రాంతంలో వారికి పితృదేవతల పండుగ, చింగ్‌మింగ్, వస్తుంది. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు. ఆ రోజుల్లో జనసమ్మర్దం మనవల్ల కాదు. మన లైఫ్ సర్టిఫికెట్ పని కూడా ముగించుకునే కదలాలి.

రెండోది దారి. 2020లో ఆగిన మన రెండు దేశాల మధ్య నేరు విమానాలు 2025 అక్టోబరు చివర కోల్‌కతా, గ్వాంగ్‌జౌల మధ్య తిరిగి మొదలయ్యాయి. తరువాత ఢిల్లీ నుంచి షాంఘై సర్వీసు కూడా వచ్చింది. షాంఘై నుంచి హాంగ్‌జౌకు వేగపు రైల్లో సుమారు గంట. రైలు టికెట్టు కూడా పాస్‌పోర్టు మీదే ఇస్తారు. వీసా యాత్రికుల తరగతిది, ‘ఎల్’ వీసా అంటారు. విమానాల వేళలు, వీసా నిబంధనలు మారుతుంటాయి కనుక డబ్బు కట్టేరోజున మరోసారి సరిచూసుకోవాలి.

మూడోది డబ్బు, ఫోను. అక్కడ కూరగాయల కొట్టుదాకా ఫోనుతోనే చెల్లింపులు. అలీపే అనే యాప్‌ను ఇక్కడే పెట్టించుకుని, అంతర్జాతీయ కార్డు జతచేయించుకోవాలి. మన యూపీఐ ఉందిగదా అని బయలుదేరకండి. కొంత నగదు కూడా ఉండాలి. ఒక యువాన్ నోటు చేతికొస్తే వెనక్కి తిప్పి చూడండి, దానిమీద ఉన్నది ఈ సరస్సే. వాట్సాప్, గూగుల్ అక్కడి సిమ్ మీద పనిచేయవు. మన సిమ్‌కు రోమింగ్ పెట్టించుకుంటే సాధారణంగా పనిచేస్తాయి. పిల్లలు ఇక్కడ కంగారుపడకుండా ఉంటారు.

నాలుగోది తిండి. శాకాహారులమని చీనీ లిపిలో రాయించిన చీటీ జేబులో ఉండాలి. మాంసం, చేప, గుడ్డు వద్దని విడివిడిగా రాయించండి. బౌద్ధాలయాల దగ్గర శాకాహార భోజనం దొరుకుతుంది. మా ఆవిడ మాత్రం కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ లేకుండా కదలదు.

అయిదోది, అన్నిటికన్నా ముఖ్యం, మన ఒళ్ళు. నా మొదటి జాబితాలో అయిదు రోజులకు పద్దెనిమిది చోట్లు రాశాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పదకొండు కొట్టేసింది. “పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం నిద్ర” అని ఆవిడ ఆర్డరు. అందుచేత మొదటి రోజు ఒడ్డున కూర్చోవటమే. తరువాత పడవలో దీవికి, ఒక ఉదయం లింగ్‌యిన్, మరోరోజు తేయాకు తోటలు, చివరిరోజు మహాకాలువ మీది రాతి వంతెన. బీజింగ్ నుంచి సుమారు 1,800 కిలోమీటర్లు వచ్చే ఆ కాలువ ఇక్కడే ముగుస్తుంది. లైఫెంగ్ గోపురం 1924లో కూలిపోయి, 2002లో మళ్ళీ లేచింది. దానికి ఎస్కలేటరు, లిఫ్టు ఉన్నాయి కాబట్టే మా జాబితాలో మిగిలింది.

మందులు చేతిసంచిలోనే, స్ట్రిప్పులతో సహా, డాక్టరు చీటీతో ఉండాలి. బీమా ఫారంలో బీపీ, షుగరు దాచకండి. దాస్తే క్లెయిము తిరిగివస్తుంది. అక్కడ అంబులెన్సుకు 120. మన కాన్సులేటు షాంఘైలో ఉంది.

ఇంకొక కాగితం గురించి చెప్పి ముగిస్తాను. మా ఇద్దరిలో ఒకరికి అక్కడ ఏదైనా జరిగితే రెండోవారు ఏం చేయాలి, ఎవరికి ఫోను చేయాలి, బీమా కాగితాలెక్కడున్నాయి అన్నది ఒక రాత్రి కూర్చుని రాసుకున్నాం. రాస్తుంటే నా చేయి ఆగింది. “రాయండి. ఇంట్లో కూర్చుంటే మాత్రం ఈ కాగితం అక్కర్లేదా?” అంది ఆవిడ. నకలు మా అబ్బాయికిచ్చాం. అది చదివాక వాడు వద్దనటం మానేసి, టికెట్ల సంగతి కనుక్కోవటం మొదలుపెట్టాడు.

సర్వీసులో పిల్లల చదువులని, ఆ తరువాత పెళ్ళిళ్ళని, ఆ పైన మనవలని ఆవిడ కోరికలన్నిటిమీద నేను “తరువాత చూడవచ్చు” అని రాస్తూ వచ్చాను. మోకాళ్ళు బాగున్న రోజులన్నీ ఆ “తరువాత”లోనే పోయాయి. మీ ఇళ్ళలో కూడా అటువంటి ఫైలు ఒకటి పెండింగులో ఉండే ఉంటుంది. చైనాయే కానక్కరలేదు, పక్క జిల్లా అయినా సరే. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక దాన్ని ఒకసారి పైకి తీయమని మనవి.