కెమెరా ఎవరి చేతిలో, నిర్ణయం ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో ‘ది టెరిటరీ’ డాక్యుమెంటరీ ప్రదర్శన తరువాత చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే మనమంతా కలిసి ‘ది టెరిటరీ’ చూశాం. ఈ సినిమా తీసిన బృందం ఎలా పనిచేసింది, దాన్నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు, ఎక్కడ ఆగి ప్రశ్నించాలి అన్న విషయాల మీద నాలుగు మాటలు చెబుతాను. ఈ చర్చ సినిమావాళ్లకే పరిమితం కాదు. మనలో చాలామందిమి కెమెరాలో, రికార్డర్లో, సర్వే ఫారాలో పట్టుకుని గూడేలకు వెళ్లేవాళ్లమే. అక్కడి స్త్రీల మాటలూ ముఖాలూ మన నివేదికల్లోకి తెచ్చుకునేవాళ్లమే.

ముందు నేపథ్యం కొంచెం చెప్పుకోవాలి. బ్రెజిల్ పశ్చిమాన, బొలీవియా సరిహద్దును ఆనుకుని రొండోనియా రాష్ట్రం ఉంది. అక్కడి ఉరు-ఏవు-వావ్-వావ్ ఆదివాసులు తమను తాము జుపావులని పిలుచుకుంటారు. ప్రభుత్వ ఆదివాసీ సంస్థ ఫునాయ్ 1981లో వీళ్లతో మొదటిసారి సంబంధం పెట్టుకుంది. ఆ తర్వాత బయటినుంచి వచ్చిన జబ్బులకూ, దాడులకూ ఎంతోమంది బలైపోయారు. సినిమా తీసేనాటికి మిగిలింది రెండువందలమంది లోపే. 1991లో వాళ్ల భూభాగానికి చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. సుమారు 18 లక్షల 67 వేల హెక్టార్లు. బయటి ప్రపంచంతో ఇప్పటికీ ఏ సంబంధమూ లేని సమూహాలు కూడా ఆ అడవిలోనే ఉన్నాయి. చుట్టుపక్కల అడవినంతా నరికి పశువుల బీళ్లు చేశారు. అంటే కాగితం మీద హక్కు ఉంది, ఆ కాగితాన్ని ఖాతరు చేసేవాళ్లే లేరు. ఆదివాసులకు ఇక ఒక్క సెంటీమీటరు భూమి కూడా గుర్తించనని చెప్పిన బోల్సొనారో 2018లో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆక్రమణదారులకు అంతకుమించిన అనుమతిపత్రం ఏం కావాలి?

ఆ కాలంలోనే అమెరికాకు చెందిన దర్శకుడు అలెక్స్ ప్రిట్జ్ అక్కడికి వెళ్లాడు. మొదట్లో ఇదీ మనకు తెలిసిన పద్ధతే. బయటివాడు వస్తాడు, కష్టాలు చిత్రిస్తాడు, వెళ్లిపోతాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు పరిస్థితి మారింది. బయటి జబ్బులు ఏం చేస్తాయో ఆ సమాజానికి బాగా గుర్తుంది. అందుకే తమ హద్దులు మూసేసి, ఎవరూ రావద్దన్నారు. సినిమావాళ్లకూ అదే మాట చెప్పారు. మిగతా చిత్రం మేమే తీస్తాం, పరికరాలు పంపండి అన్నారు. పంపారు. గస్తీదళం ఆక్రమణదారుల గుడిసెల్ని వెతికి పట్టుకునే దృశ్యాలు మీరు చూశారు కదా, వాటిని చిత్రించినవాళ్లు ఆ దళంలో భాగమైనవాళ్లే. ఛాయాగ్రాహకుల జాబితాలో దర్శకుడి పేరు పక్కనే తాంగాయి ఉరు-ఏవు-వావ్-వావ్ పేరు ఉంది.

దీన్ని మనం ‘సాధికారత’ అనే మాటతో సరిపెట్టుకోకూడదు. ఆ యువకులకు కెమెరా అడవి కాపలాలో ఒక పనిముట్టు. డ్రోను ఎగరేసి నరికిన చోటు గుర్తించడం, స్థలం వివరాలతో సహా సాక్ష్యం పోగుచేయడం, దాన్ని అధికారుల ముందు పెట్టడం వాళ్ల పని. సినిమా ఆ పని లోంచి పుట్టింది. దర్శకుడి బృందం చేసిన మంచి పని ఏమిటంటే, ‘రావద్దు’ అన్న మాటను విని ఆగిపోవడం. ఆ మాట అనగలిగే స్థితి మన గ్రామాల్లో ఎంతమంది స్త్రీలకుంది?

ఇంకో విషయం. ఈ చిత్రానికి ఆ సమాజం సహనిర్మాత. నిర్ణయాల్లోనూ లాభాల్లోనూ వాళ్లకు వాటా ఉంది. 2022 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో ఈ చిత్రానికి ప్రేక్షకుల బహుమతి, జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చాయి. 2024 జనవరిలో ఎమ్మీ అవార్డు వచ్చింది. అవార్డులు వచ్చినప్పుడు వేదిక ఎక్కేదెవరు, డబ్బు వచ్చినప్పుడు పంచుకునేదెవరు అన్నవి చిన్న ప్రశ్నలేం కావు. మన కృతజ్ఞతల పేజీలో ‘సహకరించిన గ్రామస్తులకు’ అని పేరూ ఊరూ లేకుండా ఒక్క వాక్యం రాసేసి ఊరుకోవడం మనకు అలవాటు.

ఇక స్త్రీల సంగతికి వస్తాను. దర్శకుడికి ఆ సమాజం తలుపు తెరిచింది నెయిడిన్యా బందేరా వల్ల. ఆమె రబ్బరుపాలు తీసే కుటుంబంలో, ఆ అడవిలోనే పెరిగింది. 1992లో ఏర్పడిన కనిందే అనే సంస్థ స్థాపకుల్లో ఒకరు. దర్శకుడికి దొరికిన నమ్మకం ఆమె దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన పని. ఆమె కూతురు చాయి సురుయి ఈ చిత్రానికి కార్యనిర్వాహక నిర్మాత. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సు ప్రారంభసభలో 24 ఏళ్ల వయసులో ప్రసంగించింది ఆ అమ్మాయే. ఆ తర్వాత ఆమెకూ బెదిరింపులు వచ్చాయి. నీ కూతుర్ని ఎత్తుకుపోయామని తల్లికి ఫోన్ వచ్చే దృశ్యం దగ్గర మీరంతా ఊపిరి బిగబట్టడం నేను గమనించాను. ఉద్యమంలో ఉన్న స్త్రీని బెదిరించాలంటే ముందు ఆమె పిల్లల మీదికి పోతారు. ఈ పద్ధతికి దేశాల తేడా లేదు.

ప్రమాదం ఉత్త మాట కాదు. గస్తీదళ సభ్యుడు, ఉపాధ్యాయుడు అరి ఉరు-ఏవు-వావ్-వావ్ 2020 ఏప్రిల్ 18న శవమై కనిపించాడు. చాయి గ్లాస్గోలో అతన్ని తన చిన్ననాటి స్నేహితుడిగా తలుచుకుంది. నాలుగేళ్లకు, 2024లో, ఒక వ్యక్తికి శిక్ష పడింది. భూమినీ పర్యావరణాన్నీ కాపాడుకునే క్రమంలో ఒక్క 2023లోనే ప్రపంచవ్యాప్తంగా 196 మంది హత్యకు గురయ్యారని గ్లోబల్ విట్‌నెస్ లెక్కకట్టింది. చిత్రబృందం విమానమెక్కి వెళ్లిపోవచ్చు. తెరమీద ముఖం కనిపించినవాళ్లు మాత్రం అదే ఊళ్లో, అదే దారిన నడవాలి. కాబట్టి సినిమా విడుదలైన మర్నాడు వాళ్ల రక్షణకు ఏర్పాటేమిటన్నది చిత్రీకరణకు ముందే అడగవలసిన ప్రశ్న.

ఈ చిత్రంలో నాకు లోటుగా తోచిన విషయం కూడా చెప్పాలి. గస్తీ మగవాళ్లది, డ్రోను మగవాళ్లది, కెమెరా కూడా ఎక్కువగా మగవాళ్లదే. నెయిడిన్యా, చాయి ఇద్దరూ బలమైన స్త్రీలే గానీ వాళ్లు జుపావు స్త్రీలు కారు. మగవాళ్లు రోజుల తరబడి అడవిలో గస్తీ తిరుగుతుంటే ఊరిని నిలబెట్టిన జుపావు స్త్రీలు ఏమనుకుంటున్నారు? ‘సమాజం చేతికి కెమెరా ఇచ్చాం’ అన్నప్పుడు సమాజంలో ఎవరి చేతికి అని అడగడం మన బాధ్యత. సమాజం అనే మాట వెనక ఆడవాళ్లు కనబడకుండా పోవడం మనకు కొత్త కాదు.

చిత్రం ఆక్రమణదారుల వైపు కూడా వెళ్లింది. అది నాకు నచ్చింది. జీవితమంతా ఇంకొకరి పొలంలో కూలి చేసి, తనకంటూ చెక్క భూమి కావాలనుకునే పేదవాడు అక్కడ కనిపిస్తాడు. అతను అడవి నరికితే చివరికి లాభపడేది పెద్ద పశువుల వ్యాపారం. పేదల్ని ఆదివాసుల మీదికి ఉసిగొల్పి, భూమి పంపకం ప్రశ్నను రాజ్యం తప్పించుకుంటుంది. దీన్ని అర్థం చేసుకోకుండా ఆదివాసీ భూమిని కాపాడలేం.

మన దగ్గరికి వద్దాం. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి లాంటిదేనని, ప్రైవేటు గనుల కంపెనీలకు అక్కడి భూమి లీజుకివ్వడానికి వీల్లేదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అయినా 2022లో మంచిర్యాల జిల్లా కోయపోచగూడెంలో పోడు భూమి కోసం నిలబడ్డ ఆదివాసీ స్త్రీలు జైలుకు వెళ్లారు. ఆ ఊరి స్త్రీలను ఈడ్చుకుపోతున్న దృశ్యాలు సెల్‌ఫోన్లలో రాష్ట్రమంతా తిరిగాయి. ఆ దృశ్యాల వల్లే చాలామందికి విషయం తెలిసింది, నిజమే. కానీ చీర జారిపోయి, జుట్టు చెదిరిన స్థితిలో తనను అందరూ చూడటం ఆ స్త్రీకి సమ్మతమేనా? తన కథ తనే చెప్పుకోమంటే ఆమె ఆ ఈడ్పు దగ్గరే మొదలుపెడుతుందా, తను సాగుచేసిన భూమి దగ్గర మొదలుపెడుతుందా?

అందుకని మన సంస్థలన్నీ చర్చించడానికి కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాను. అనుమతి ఒక్కసారి వేలిముద్రతో అయిపోకూడదు. చిత్రీకరణకు ముందు, కూర్పు తర్వాత, ప్రదర్శనకు ముందు మళ్లీ మళ్లీ అడగాలి. ఏ దశలోనైనా వద్దనే హక్కు వాళ్లకుండాలి. ఊళ్లో స్త్రీలతో విడిగా కూర్చుని అడగాలి. తీసినదాని ప్రతి ఊరికి చేరాలి, మొదటి ప్రదర్శన అక్కడే జరగాలి. పేరు వేయాలా వద్దా అన్నది వాళ్లే చెప్పాలి. కేసులు, బెదిరింపులు వస్తే న్యాయసహాయానికి డబ్బు బడ్జెట్లో ముందే కేటాయించాలి.

ఇదంతా చేస్తే పని ఆలస్యమవుతుంది, నిధులిచ్చేవాళ్లు ఒప్పుకోరు అని మీలో కొందరు అంటారు. వాళ్లతో ఆ పోట్లాట మనమే పెట్టుకోవాలి. దాని భారం గూడెంలో ఉన్న ఆడమనిషి మీద వేయకూడదు.

ఇక మీరు మాట్లాడండి.