ఎండ అందరికీ సమానమేనా?

(దళితవాడ మహిళల సభలో ఒక ఉపాధ్యాయురాలి ప్రసంగం)



నల్లగొండ, పాలమూరు ఎండలకు పేరుపడ్డ జిల్లాలు. ఇక్కడ ఎండ తగలక ఎముకలు గుల్లబారుతున్నయంటే మీరు నవ్వుతరు. కానీ ఇది నవ్వే ముచ్చట కాదు.

ఎముకకు బలం కాల్షియం. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలె. అది తిండిల దొరికేది కొంచెమే. ఎండ నేరుగా తోలుకు తగిలితే ఒంట్లనే తయారైతది. బట్ట మీద పడ్డ ఎండ, అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరావు. నల్లని తోలుకు ఇంకా ఎక్కువసేపు కావాలె. తిరుపతి డాక్టర్లు పరీక్షలు చేసి 2007లో ప్రకటించిన లెక్క వినండి. పల్లెల్లో డి విటమిన్ లోపం మగవాళ్లలో నూటికి 44 మందికి, ఆడవాళ్లలో 70 మందికి ఉంది. ఒకే ఊరు, ఒకే సూర్యుడు. మరి ఈ తేడా ఎక్కడిది?

చేన్ల మగాయన అంగీ ఇడిసి పనిచేస్తడు. ఆడామె చీర మీద మొగోళ్ల పొడుగుచేతుల అంగీ తొడుగుతది, తలకు తువ్వాల చుట్టుకుంటది. పత్తి గీరుకోవద్దని, పురుగుమందు పడొద్దని, ఎవని చూపూ పడొద్దని. ఇంటికొస్తే పొయ్యికాడ చీకట్లనే. పెద్దమనిషైన పిల్లను మనమే వాకిట్ల నిలబడనియ్యం.

కొందరు సులువుగ చెప్తరు, బట్టలు తగ్గించుకోమని. ఆగండి. మన ఒంటి మీద బట్ట ఊరికే రాలేదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకునే హక్కు కోసం ఏండ్ల తరబడి కొట్లాడితే 1859లో గానీ రాజు దిగిరాలేదు. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లకు, అంటరానివాళ్లని గుర్తుపట్టే కట్టు మాని నిండుగ చీర కట్టుకొమ్మని చెప్పిండు. కాబట్టి తప్పు బట్టది కాదు. ఆడమనిషి నిమ్మళంగ ఎండల కూసునే జాగ లేకపోవుడే తప్పు. దొరల గడీలల్ల నాలుగు గోడల నడుమ వాకిలుండేది. మన వాడల ఇంటికి ఇల్లు ఆనుకొని ఉంటది, వాకిలంటే బాటనే.

దీనికి తోడు నల్లగొండకు ఫ్లోరైడ్ పీడ. 1970లలోనే జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ఊర్లల్ల పిల్లల మోకాళ్లు లోపలికి వంగుడు గురించి రాసిండ్రు. కాల్షియం తక్కువైన ఎముకను ఫ్లోరైడ్ ఇంకా పీడిస్తది. మంచినీళ్ల కోసం 1996 లోక్‌సభ ఎన్నికలల్ల ఈ జిల్లాల 480 మంది పోటీకి నిలబడ్డరు. నీళ్ల కోసం అట్ల కొట్లాడినోళ్లం, ఆడవాళ్ల నడుమునొప్పిని మాత్రం "మామూలే" అని ఇడిసిపెడుతున్నం.

ఏం చేయాలె? 11 నుంచి 2 దాకా ఉండే ఎండలనే ఈ విటమిన్ బాగ తయారైతదని తిరుపతి డాక్టర్లే తేల్చిండ్రు. ఎండాకాలం ఆ వేళకు బయట కూసుంటే వడదెబ్బ తగులుతది, అప్పుడొద్దు. మిగిలిన నెలలల్ల చేతులకు, కాళ్లకు కొంతసేపు ఎండ తగలనియ్యండి. తైదలు తినండి. 100 గ్రాముల తైదలల్ల 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటది, తెల్లబియ్యంల 10 దగ్గర. గుడ్డు, ఎండుచేపలు మానొద్దు. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి, మనంతట మనమే గోలీలు, సూదులు వద్దు.

ఇది ఇంట్ల తీరే పని మాత్రమే కాదు. ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల భోజనం, గుడ్డు, పాలు పెట్టాలె. అవి మన వాడకు సక్రమంగ వస్తున్నయా, అడగండి. ఎదిగే ఆడపిల్లలకు గుడ్డు, రేషన్ల తైదలు, సర్కారు దవాఖాన్ల డి విటమిన్ పరీక్ష, ప్రతి దళితవాడల ఆడవాళ్లు కూసునే ప్రహరీగోడ జాగ. ఈ నాలుగూ రాసి వచ్చే గ్రామసభల తీర్మానం పెట్టిద్దాం. దరఖాస్తు నేను రాస్త. సంతకాలు, వేలిముద్రలు మీవి.

జై భీమ్!