మన కుళాయిలో కృష్ణమ్మ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పొద్దున ఉగాది పచ్చడి తిని మంచినీళ్ళు తాగాము గదా, ఆ నీళ్ళ సంగతే నాలుగు మాటలు చెప్పుకుందామని లేచాము. పంచాంగ శ్రవణంలో ఈ ఏడు వాన సముద్రంలో ఎన్ని పాళ్ళు, కొండల మీద ఎన్ని పాళ్ళు అని విన్నాము. ఏ కొండ మీద పడితే చెన్నపట్నానికి మేలో శాస్త్రులవారు చెప్పలేదు. లోపం వారిది కాదు లెండి. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం కొండల మీద పడాలి. కృష్ణ పుట్టేది అక్కడ.

ఏడాది పొడుగునా పారే నది ఈ పట్నానికి లేదు. 1944లో పూండి జలాశయం కట్టారు. చోళవరం, రెడ్‌హిల్స్ చెరువులు అంతకుముందే ఉన్నాయి. పెరిగే ఊరికి అవి చాలలేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటాల నుంచి తలా 5 టీఎంసీల కృష్ణా జలం ఈ నగరానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. దారిలో ఆవిరికీ ఇంకుకూ 3 పోగా సరిహద్దు దగ్గర 12 అందాలి. 1983లో రామారావుగారు, ఎం.జి. రామచంద్రన్‌గారు ముఖ్యమంత్రులుగా ఉండగా రెండు రాష్ట్రాలకూ ఒడంబడిక కుదిరింది. పట్నానికి పోయే కాలువ రాయలసీమ గుండా పోతూ అక్కడి పొలాలను ఎండబెట్టి పోరాదని రామారావుగారు పట్టుబట్టారు. దారిలో 5.75 లక్షల ఎకరాలు తడపాలని సంకల్పం. అదే తెలుగుగంగ.

శ్రీశైలం వెనుక పోతిరెడ్డిపాడు దగ్గర మళ్ళిన నీరు వెలుగోడు, బ్రహ్మంసాగరం దాటి సోమశిలలో పెన్నను కలుస్తుంది. అక్కడినుంచి రాపూరు దగ్గరి కండలేరుకు, ఆపైన 152 కిలోమీటర్ల కాలువలో ఊత్తుకోట సరిహద్దుకు వస్తుంది. మొత్తం నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. తొలినీరు పూండి చేరింది 1996లో. కట్టలు తెగి, నీరు ఇంకిపోయి కాలువ పాడైతే పుట్టపర్తి సత్యసాయిబాబాగారి ట్రస్టు 2004 నాటికి బాగుచేయించింది.

దారి చెప్పాము గాని, దారిలో మునిగినవారిని చెప్పలేదు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూరుకు పైగా గ్రామాలు పోయాయి. 1981లో ఇళ్ళు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. సోమశిల కింద కడప జిల్లాలో పెన్న ఒడ్డు పల్లెలు పోయాయి. శ్రీశైలం కట్టింది కరెంటు కోసమే, మన కోసం కాదు, నిజమే. కాని మన నీరు నిలిచేది ఆ ఊళ్ళ మీదే.

ఇక మన అవస్థ వినండి. వాన లేని ఏడు నీళ్ళ లారీ దగ్గర బిందెల వరుసలో నిలబడితే పక్కింటాయన, "మీ ఆంధ్రావాళ్ళు ఈ ఏడూ నీళ్ళు వదల్లేదే" అంటాడు, మేమేదో గేటు తాళంచెవి జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టు. ఆయన మాటా అబద్ధం కాదు. చాలా ఏళ్ళు 12 టీఎంసీలు పూర్తిగా అందలేదు. సంక్రాంతికి రాపూరు వైపు వెళితే మా మేనమామ, "ఏం అల్లుడా, మా నీళ్ళు తియ్యగా ఉండాయా?" అంటాడు. ఆ మాటకు నవ్వాము గాని అన్నం సహించలేదు. కాలువ ఆయన చేను పక్కనే పారుతుంది, చేలో మాత్రం బోరు ఎండింది. అటువంటి రైతు రాత్రివేళ కాలువలో మోటారు దింపితే ఇక్కడ మనం నీటిదొంగ అంటున్నాము. మనలో ఎందరి తండ్రులు అటువంటి చేలు వదిలి ఈ పట్నం చేరారో ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే.

2019 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చెరువులు నెర్రెలిచ్చాయి. కండలేరులోనూ నీరు అడుగంటింది. జులై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి తొలి నీటి రైలు వచ్చింది. 50 వాగన్లు, 25 లక్షల లీటర్లు. మేము రైల్వే గుమాస్తాలము కనుక గర్వపడ్డాము. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క కట్టాము. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. అంత నీటికి అటువంటి రైళ్ళు పదకొండు వేలకు పైగా నడపాలి. రోజుకొకటి చొప్పున ముప్పయ్యొక్క సంవత్సరాలు! రెండుసార్లు కూడి చూశాము, తప్పు లేదు. అలాంటివి పన్నెండు టీఎంసీలు ఏటా కాలువలో మన కోసం రావాలి. శ్రీశైలం నిండి, సెప్టెంబరులో కండలేరు గేట్లు ఎత్తాకనే ఆ ఏడు కృష్ణ మనకు చేరింది.

ఇచ్చిన మాట ప్రకారం మన నీరు మనకు రావాలనే మేమూ అంటాము. ఈ పిల్లలు తాగవద్దా? అయితే గట్టు పక్క పొలానికి ఇవ్వవలసినది ఇచ్చి తెమ్మనడానికి ఈ పట్నంలో తెలుగువారికి కాక ఎవరికి నోరు వస్తుంది? ఇరువైపుల మాటా మనకు అర్థమవుతుంది. లారీ దగ్గర పక్కింటాయనకు అరవంలో జవాబు చెప్పగలం, రాపూరులో మేనమామకు తెలుగులో చెప్పగలం. ఇన్నాళ్ళూ రెండుచోట్లా తలవంచుకుని ఊరుకున్నాము.

సంఘానికి ఒక మనవి. వేసవి సెలవులలో పిల్లలను బీచికి, సినిమాకు తీసుకుపోతాము. ఈసారి ఒక బస్సు మాట్లాడి పూండి మీదుగా ఊత్తుకోట, అక్కడినుంచి కాలువ గట్టునే కండలేరు దాకా పోయివద్దాము. గట్టు మీది రైతులతో ఒకపూట కూర్చుందాము. మన సంఘంలో ముంపు గ్రామాల నుంచి వచ్చిన కుటుంబాలవారు ఉంటే, వచ్చే ఉగాదికి ఈ చోట నిలబడి వారి ఊరి సంగతి వారే చెప్పాలని కోరుతున్నాము. బస్సుకు పేర్లు ఇచ్చేవారు సభ ముగిశాక కార్యదర్శిగారిని కలవండి. మా ఇంటి పేర్లు నాలుగు ముందే రాయించాము.