సంఘటనకు ముందరి వార్త



పత్రికా రచన పుట్టుకతోనే సంఘటనకు కట్టుబడిన వృత్తి. నిన్న లేనిది ఇవాళ జరిగితే అది వార్త అవుతుంది. నిన్న జరిగినదే ఇవాళా రేపూ కొద్దికొద్దిగా జరుగుతూ పోతే దానికి పేజీలో చోటు దొరకడం కష్టం. ప్రకృతి మీద మనిషి చేసే ఒత్తిడిలో ఎక్కువ భాగం ఈ రెండో రకానికి చెందినది కావడంతో, ఒక చెరువు పూడిపోవడానికో, ఒక వాగు మురుగు కాల్వగా కుంచించుకుపోవడానికో పట్టే ఇరవై ముప్పై ఏళ్లలో ఏ ఒక్క రోజూ పతాక శీర్షికకు తగిన రోజుగా కనిపించదు. కాబట్టి ఈ రంగంలో శ్రేష్ఠతను కొలవవలసింది సంఘటన జరిగాక ఎంత వేగంగా చేరుకున్నారన్న దానితో కంటే, అది జరగక మునుపు ఎంత కాలంగా కనిపెట్టి ఉన్నారన్న దానితోనే. అందరికీ తెలిసినట్టే అనిపించే కొల్లేరు దీనికి సరైన ఉదాహరణ.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లతో పాటు డెల్టా పొలాల మురుగు కాల్వలు ఎన్నో వచ్చి కలుస్తాయి. నీరు బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు సాగి బంగాళాఖాతంలో పడుతుంది. పైనుంచి వచ్చిన వరదను తనలో పరచుకుని, నెమ్మదిగా సముద్రానికి వదలడం సరస్సు పని. దాని హద్దును కాంటూరుతో చెబుతారు. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పటం మీద గీసే గీతే కాంటూరు. సరస్సులోని లంక గ్రామాల్లో 'ఐదో కాంటూరు' అన్నది జాలర్లు, కౌలుదార్లు రోజూ వాడే మాట, ఎందుకంటే ఐదు అడుగుల ఎత్తున సాగే ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన నాటి నుంచి, ఎవరి పొలం, ఎవరి చెరువు ఆ గీతకు ఏ పక్కన ఉందన్న దాన్ని బట్టే వారి బతుకు తేలుతోంది. చిత్తడి నేలల రక్షణకు వివిధ దేశాలు 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చేసుకున్న ఒడంబడిక జాబితాలోకి కొల్లేరు 2002లో చేరింది.

అభయారణ్య ప్రకటనకు రెండు దశాబ్దాల ముందే సహకార సంఘాల పేరిట చేపల చెరువులకు దారి తెరిచింది ప్రభుత్వమేనన్న సంగతిని ఇక్కడ మరువరాదు. చేపల చెరువు అంటే సరస్సు నీటిలో వల వేయడం కాదు. సరస్సు అడుగునుంచి మట్టి తవ్వి, వరదకు అందనంత ఎత్తుగా చుట్టూ గట్టు పోసి, లోపల బొచ్చె, శీలావతి పిల్లలను వదిలి, తవుడు, నూనెగింజల చెక్క, ఎరువులు వేసి పెంచి, పట్టుబడి అయ్యాక ఆ నీటిని మళ్లీ సరస్సులోకే తోడివేయడం. ఒక గట్టు పక్కన ఇంకో గట్టు లేచేకొద్దీ వరద పరుచుకునే జాగా తరిగిపోతుంది, దొరికిన సందుల్లో గుర్రపుడెక్క అల్లుకుని ఉప్పుటేరు వైపు ప్రవాహాన్ని మందగింపజేస్తుంది. ఇదంతా జరిగిన కాలంలో పత్రికల్లో చేపల ధరలు వచ్చాయి, ఎగుమతుల విజయగాథలు వచ్చాయి. గట్ల పొడవు ఏటా ఎంత పెరుగుతోందన్నది అరుదుగా వచ్చింది.

2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పొక్లెయిన్లు, పేలుడు పదార్థాలు తెచ్చి ఐదో కాంటూరు లోపలి గట్లను తెగ్గొట్టినప్పుడు మాత్రం కెమెరాలన్నీ అక్కడే ఉన్నాయి. మట్టి గట్టు గాలిలోకి లేచిన దృశ్యం తెరకు ఎంతగా నప్పుతుందో, గండి పూడ్చి అదే గట్టును రాత్రిళ్లు మెల్లగా మళ్లీ లేపే పని అంతగా నప్పదు. తరువాతి ఏళ్లలో చెరువులు చాలాచోట్ల తిరిగి వెలిశాయి. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించమని తీర్మానించింది. రెండడుగుల తేడా అనగానే చిన్న సర్దుబాటులా వినిపిస్తుంది గాని, కొల్లేరు లాంటి బల్లపరుపు పల్లంలో ఆ రెండడుగులు తగ్గితే అభయారణ్యంలో సగానికి పైగా విస్తీర్ణం హద్దు బయట పడుతుంది. అడుగులను చదరపు కిలోమీటర్లలోకి మార్చి చెప్పిన విలేకరికి, తీర్మానం పాఠాన్ని యథాతథంగా అచ్చేసిన విలేకరికి మధ్య ఉన్న దూరమే శ్రేష్ఠత. విషయాన్ని పరిశీలించడానికి కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ హద్దు తగ్గింపును సమర్థించలేదు.

అయితే లంక గ్రామాలవారిని సరస్సు శత్రువులుగా చిత్రించడం కూడా లోపభూయిష్టమైన రచనే. అభయారణ్యం లోపల వేల ఎకరాలు జిరాయితీ, అంటే సొంత పట్టా ఉన్న భూములు. గట్లు తెగినప్పుడు ముందుగా ఉపాధి పోయింది చెరువు మీద కూలి చేసినవారికి. సంఘ సభ్యుల పేరిట చెరువులను లీజుకు నడిపిన పెట్టుబడిదారులు వేరే చోట సర్దుకోగలిగారు. ఇక శీతాకాలం రాగానే కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకలో పెలికాన్ల ఫొటో వేసి కొల్లేరు క్షేమమని భ్రమింపజేసే ఆనవాయితీ ఒకటి ఉంది. అక్కడ ఆ పక్షులు గూళ్లు కట్టుకుంటున్నది అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడానన్న వాక్యం ఫొటో కింద అరుదుగా కనిపిస్తుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలను ముంచినప్పుడు పడవల మీద పాల ప్యాకెట్లు, మేడలెక్కిన జనం, గండ్లు పూడుస్తున్న యంత్రాలు వార్తలయ్యాయి, కావలసిందే. కానీ ఆ ఏరు పారే దారిలో ఏమేమి లేచాయో, అది చివరికి చేరే కొల్లేరులో నీరు నిలిచే చోటు ఎంత మిగిలిందో తెలిపే కాగితాలు ఆ వరదకు చాలా ముందునుంచే కార్యాలయాల్లో ఉన్నాయి.

ముందుగా రాస్తే ఎవరు చదువుతారన్న ప్రశ్న న్యాయమైనదే. భోపాల్‌లో రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి, యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో 1981 డిసెంబరులో విషవాయువు సోకి ఒక కార్మికుడు మరణించాక, కర్మాగారం లోపలి భద్రతా నివేదికలు సంపాదించి, 1982లో 'రపట్' అనే తన చిన్న వారపత్రికలో వరుసగా హెచ్చరికలు రాశాడు. 1984 జూన్‌లో 'జనసత్తా'లో మళ్లీ రాశాడు. ఎవరూ కదలలేదు. ఆ డిసెంబరు 2 రాత్రి వాయువు లీకై వేలమంది చనిపోయారు. ఉత్తమ పాత్రికేయతకు ఇచ్చే గోయెంకా పురస్కారం ఆయనకు ఆ తరువాతే వచ్చింది. ఆయన రచన ప్రమాదాన్ని ఆపలేకపోయింది గాని, తమకు తెలియదన్న సాకు యాజమాన్యానికి, ప్రభుత్వానికి దక్కకుండా చేసింది. సాక్ష్యంగా నిలిచే రచన అంటే ఇదే, దాని విలువ పాఠకుల సంఖ్యలో తేలేది కాదు.

పాత్రికేయ శాస్త్రంలో పట్టాలు అందుకుని ఈ ప్రాంగణం దాటి వెళ్లే యువతీయువకులలో కొందరైనా ఏలూరు జిల్లా విలేకరులవుతారు. వర్షాకాలానికి ముందు ఉప్పుటేరులో పూడిక, గుర్రపుడెక్క ఎంత మేర తీశారు, ఆ పనికి బిల్లు ఎంతకు చెల్లించారు, అభయారణ్యం హద్దు రాళ్లు ఎన్ని చోట్ల పాతారు, సంఘం దస్త్రంలో సభ్యుడి పేరు ఒకటైతే చేపల లారీ ఎవరి లెక్కలో వెళుతోంది అన్నవి వారు ఏటా అడగవలసిన ప్రశ్నలు. జవాబుల్లో కొన్ని లంక గ్రామాల అరుగుల మీద, కొన్ని డ్రైనేజీ, మత్స్య, అటవీ శాఖల బీరువాల్లో ఉన్నాయి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి అమలులో ఉంది; ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పై కార్యాలయాల్లో పది రూపాయలు.