రైల్వే అభివృద్ధి - ఎవరి ప్రయాణం కోసం?

(మహిళా కార్యకర్తల జిల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే నిధుల గురించి మాట్లాడతానని నేను చెప్పినప్పుడు ఈ సమావేశం ఏర్పాటు చేసిన మిత్రులు కొంచెం ఇబ్బంది పడ్డారు. గృహహింస, వరకట్నం, పనిచోట వేధింపులు - ఇన్ని ఉండగా రైలు పట్టాల సంగతి మనకెందుకన్నది వాళ్ళ సందేహం. అందులో తప్పేమీ లేదు. నేనూ చాలా ఏళ్ళు పేపర్లో రైల్వే బడ్జెట్ పేజీ రాగానే తిప్పేసేదాన్ని. అది ఎంపీలు, ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు మాట్లాడుకునే విషయమనుకునేదాన్ని. నా ఆలోచన మార్చింది ఒక పాసింజరు బండి.

రాజమండ్రికి కొంత దూరంలో ఒక చిన్న స్టేషన్లో తెల్లవారుజామున ఆగే బండి అది. చిల్లర వ్యాపారం చేసుకునే స్త్రీల పని గురించి తెలుసుకోవాలని కొంతకాలం ఆ బండిలో తిరిగాను. జనరల్ పెట్టెలో తలుపు పక్కన పూలగంపలు, ఆకుకూరల మూటలు పెట్టుకుని వాటి మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాళ్ళు. అప్పటికే వాళ్ళకు సగం రోజు పని అయిపోయి ఉండేది. వంట చేసి, పిల్లలకు సద్ది కట్టి, పశువుకు మేత వేసి వచ్చినవాళ్ళు. ఆటోలో ఎందుకు వెళ్ళరని అడిగితే అరవైకి దగ్గరపడ్డ ఒకామె నవ్వింది. "ఆటోవాడు నాకో డబ్బులు, గంపకో డబ్బులు అడుగుతాడండి. బండైతే గంప నా పక్కనే ఉంటది కదండీ" అంది.

2020 మార్చిలో కరోనా వచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు చాలా పాసింజర్లు స్పెషల్ అనే పేరుతో, ఎక్స్‌ప్రెస్ చార్జీతో వచ్చాయి. పది రూపాయల కనీస చార్జీ ముప్ఫై అయింది. రానూ పోనూ ఇరవై అయ్యేది అరవై. నెలకు పాతిక రోజులు తిరిగే మనిషికి ఐదువందలు కాస్తా పదిహేనువందలైంది. దాన్ని మళ్ళీ పది రూపాయలకు దించింది 2024 ఫిబ్రవరిలో. మా బండి సంగతి ఇంకొకటి. తిరిగి వచ్చింది గానీ వేళ మారిపోయి వచ్చింది. అది రాజమండ్రి చేరేసరికి పూల బేరం సగం ముగిసిపోతుంది. నాతో మాట్లాడిన వాళ్ళలో కొందరు పట్నం వెళ్ళడం మానేసి, ఊళ్ళోకి వచ్చే దళారీకే పూలు ఇస్తున్నారు. అతను చెప్పిందే రేటు. చార్జీ పెంచినప్పుడు పేపర్లో కనీసం వార్త వచ్చింది. వేళ మారితే అది కూడా రాలేదు.

ఇదే కాలంలో రైల్వేకు డబ్బు తక్కువైందా అంటే, లేదు. రైల్వే బడ్జెట్‌ను విడిగా పెట్టే పద్ధతి 1924లో మొదలై 2017లో పోయింది. సాధారణ బడ్జెట్‌లో కలిశాక కేంద్రం ఇచ్చే పెట్టుబడి బాగా పెరుగుతూ వచ్చింది. 2025-26లో మొత్తం పెట్టుబడి వ్యయం 2.65 లక్షల కోట్లు. ఆంధ్రప్రదేశ్‌కు 9,417 కోట్లు, తెలంగాణకు 5,337 కోట్లు అని రైల్వే మంత్రి ప్రకటించారు. పనుల జాబితా పుస్తకాన్ని పింక్ బుక్ అంటారు. ఆ రంగు చూసి మనం ఆశపడనక్కర్లేదు. కొత్త లైన్లు, డబ్లింగు, మూడో లైను, విద్యుదీకరణ, స్టేషన్ల పునర్నిర్మాణం - ఇవీ అందులోని పద్దులు. ఇవి అనవసరమని నేననను. మూడో లైను పడితే పాసింజరును గంటసేపు లూప్ లైన్లో నిలబెట్టే అవసరం తగ్గాలి. తగ్గాలి అంటున్నాను, తగ్గుతుందని కాదు. ఖాళీ అయిన దారిలో ఏ బండి నడపాలన్నది ఇంకో నిర్ణయం. ఆ నిర్ణయంలో పాసింజరుకు నష్టాల బండి అని పేరు.

2022 డిసెంబరులో అమృత్ భారత్ స్టేషన్ల పథకం వచ్చింది. దేశంలో 1,300కు పైగా స్టేషన్లను అందులో చేర్చారు. మన దగ్గర బేగంపేట, వరంగల్, కరీంనగర్, సూళ్ళూరుపేట స్టేషన్లు 2025 మేలో కొత్త రూపంతో ప్రారంభమయ్యాయి. బేగంపేట స్టేషన్‌ను మొత్తం స్త్రీలే నడుపుతున్నారని గొప్పగా చెప్పారు. ఆ ఉద్యోగినుల శ్రమను నేను తక్కువ చేయను. కానీ ఎస్కలేటర్ మీద గంపతో ఎక్కడం ఎలాగో ఒకసారి ఊహించండి. స్టేషన్ అందం చూడ్డానికి వచ్చేవాళ్ళెవరూ ఉండరు, బండి ఎక్కడానికి వస్తారు.

ఇక్కడ ఒక పాత చట్టం గురించి చెప్పాలి. 1890 నాటి రైల్వే చట్టం 64వ సెక్షన్ ఏమందంటే, ప్రయాణికుల బండి ప్రతిదానిలో, ఆ బండిలోని అన్నిటికన్నా తక్కువ తరగతిలో, కనీసం ఒక కంపార్ట్‌మెంటు స్త్రీలకు ప్రత్యేకించాలి. బండి యాభై మైళ్ళు దాటి వెళ్ళేదైతే అలాంటి ఒక కంపార్ట్‌మెంటులో మరుగుదొడ్డి ఉండాలి. ఇది స్త్రీల హక్కుల మీద గౌరవంతో చేసిందని నేననుకోను, పరదా మర్యాదల లెక్కే ఎక్కువ ఉండి ఉంటుంది. అయినా రెండు మాటలు స్పష్టంగా ఉన్నాయి: అతి తక్కువ తరగతి, మరుగుదొడ్డి. స్వతంత్రం వచ్చిన నాలుగు దశాబ్దాలకు మనం చేసుకున్న 1989 రైల్వే చట్టం 58వ సెక్షన్ చూడండి. ఒక కంపార్ట్‌మెంటు గానీ, రైల్వే తనకు తగినవని తోచినన్ని బెర్తులో సీట్లో గానీ కేటాయించాలి. తక్కువ తరగతి అనే మాట పోయింది. మరుగుదొడ్డి అనే మాటా పోయింది. పరాయి ప్రభుత్వం రాసిన బాధ్యతను మన ప్రభుత్వం 'తోచినంత'గా మార్చింది. వేరు పెట్టె పరిష్కారం కాదని మనలో కొందరు వాదిస్తారు. నాకూ ఆ వాదనతో కొంత ఏకీభావం ఉంది. కానీ మరుగుదొడ్డి విషయంలో వాదన ఏముంది? మా బండిలో స్త్రీలు బయల్దేరే ముందు నీళ్ళు తాగరు.

స్త్రీల పేరు మీద రైల్వేకు వచ్చిన డబ్బు లేకపోలేదు. 2013లో ఏర్పడిన నిర్భయ నిధి నుంచి రైల్వేకు 500 కోట్ల పథకం మంజూరైంది. 983 స్టేషన్లలో కెమెరాలు పెట్టడం అందులో ముఖ్యమైన పని. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది. చీకటి ప్లాట్‌ఫారం మీద దీపం, టిక్కెట్ కిటికీ దగ్గర ఒక మనిషి ఉంటే చాలావాటిని జరగకుండానే ఆపవచ్చు. దీపానికి, మనిషికి ఏటా ఖర్చు అవుతుంది. కెమెరా ఒకసారి కొంటే సరిపోతుందనే భ్రమ ఉంది.

ఇంకొకటి. కేంద్ర బడ్జెట్‌తో జెండర్ బడ్జెట్ ప్రకటన ఇవ్వడం 2005-06లో మొదలైంది. ఈ మధ్య 2025-26లో కొత్తగా అందులో చేరిన పన్నెండు మంత్రిత్వ శాఖలు, విభాగాల్లో రైల్వే ఒకటి. అంటే ఇరవై ఏళ్ళు పట్టింది. ఇంత ఆలస్యానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. రిజర్వేషన్ ఫారంలో ఆడా మగా అని రాస్తాం. జనరల్ టిక్కెట్టు మీద పెద్దలు ఇందరు, పిల్లలు ఇందరు అని మాత్రమే ఉంటుంది. పూలగంప ఆమె రోజూ రైల్వేకు డబ్బు కడుతూనే ఉంది, స్త్రీగా మాత్రం రైల్వే లెక్కలో లేదు. బస్సులో ఆమె లెక్కకు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఇస్తున్న ఉచిత బస్సు టిక్కెట్లతో ఎందరు స్త్రీలు తిరుగుతున్నారో ఆర్టీసీకి తెలుస్తోంది. ఆ పథకం మీద ఎన్ని ఎగతాళులు విన్నామో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు మనం ఎక్కడ అడగాలన్న విషయం. ఢిల్లీ దూరం, నిజమే. కానీ మన ప్రాంతంలో చాలా రైల్వే పనుల్లో రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఉంది. హైదరాబాదు ఎం.ఎం.టి.ఎస్. రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రం వాటా. మనోహరాబాద్-కొత్తపల్లి లైన్లో మూడో వంతు, పైగా భూమి. కోటిపల్లి-నరసాపురం లైను 2000-01లో మంజూరైంది, పొడవు 57 కిలోమీటర్లే. గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటాలి. అందులో రాష్ట్రం వాటా 25 శాతం. ఇలాంటి లైన్ల విషయంలో ఏళ్ళ తరబడి గొడవంతా ఎవరి వాటా ఎవరు కట్టలేదన్న దాని మీదే నడిచింది. వాటా కట్టేటప్పుడు రాష్ట్రం ఏం షరతు పెట్టిందని ఎవరూ అడగలేదు. ఉదయం ఏ వేళకు బండి, ఎన్ని జనరల్ పెట్టెలు, ఎన్ని మరుగుదొడ్లు, సామాను పెట్టుకునే చోటు - ఒప్పందంలో ఇవి రాయించడం అసాధ్యమేమీ కాదు. ముంబై లోకల్ బండ్లలో సామానుకు, కలకత్తా లోకల్ బండ్లలో చిల్లర వ్యాపారులకు వేరే పెట్టెలు ఉన్నాయి కదా.

భూసేకరణ సంగతి కూడా. డబ్బు ముందు పట్టా ఉన్న మగవాళ్ళ చేతికి వెళుతుందని మనకు అనుభవం. 2013 భూసేకరణ చట్టం కూలి మీద బతికే కుటుంబాలను కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తిస్తుంది. వితంతువులను, విడాకులు పొందిన వాళ్ళను, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబంగా లెక్కించాలంటుంది. కొబ్బరితోటల్లో కూలికి వెళ్ళే ఒంటరి స్త్రీలు ఉన్న గ్రామాల్లో పనిచేసేవాళ్ళు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.

రైల్వే డివిజన్ స్థాయిలో వినియోగదారుల సంప్రదింపుల కమిటీ అని ఒకటుంది. వర్తక సంఘాల వాళ్ళు, ప్రయాణికుల సంఘాల వాళ్ళు, ప్రజాప్రతినిధులు సూచించిన వాళ్ళు అందులో ఉంటారు. గంప మోసే స్త్రీ ఒక్కతి ఆ కుర్చీలో కూర్చుంటే చర్చ ఎలా మారుతుందో చూడాలని నాకు చాలా కోరిక. మన సంఘాలు పేర్లు పంపాలి.

ఈలోపు ఒక చిన్న పని. మీ స్టేషన్లో 2020కి ముందు ఏ బండ్లు, ఏ వేళకు ఆగేవి, ఇప్పుడు ఏవి ఆగుతున్నాయి, దీపాలు, నీళ్ళు, మరుగుదొడ్డి ఎలా ఉన్నాయి - ఇవి రాయడానికి ఒక కాగితం తయారుచేశాను. వెనక బల్ల మీద పెట్టాను. రాసేటప్పుడు స్టేషన్ మాస్టరును తర్వాత అడగండి, ముందు ప్లాట్‌ఫారం మీద కూర్చున్న ఆడవాళ్ళను అడగండి. పాత టైమ్‌టేబుల్ వాళ్ళకు కంఠతా వచ్చు.