పాత పెట్టెలోని లేసర్ – కంటికి కాపలా
(పాఠశాల ప్లాటినం జూబిలీ విజ్ఞాన ప్రదర్శన సందర్భమున ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



ఈ ప్రదర్శనలో ఒక బల్ల మీద పాత సి.డి. పెట్టెలు, డి.వి.డి. పెట్టెలు విప్పి ఉంచిన సంగతి మీరందరూ గమనించే ఉంటారు. పాపారపట్టిలో కాయలాన్ కడ అని పిలిచే పాత ఇనుప సామాన్ల అంగడిలో ఇవి కుప్పలుగా దొరుకుతున్నవి. పాటల బిళ్లలు పోయి సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత వాటిని అడిగే నాథుడు లేడు. "మా వాడు ఆ పెట్టెలోంచి లేసర్ తీస్తానంటున్నాడమ్మా, ప్రమాదమా?" అని కొందరు తల్లులు నన్ను అడిగారు. తీయుటలో ప్రమాదము లేదు. తీసినది ఏమిటో తెలియకుండా దానికి కరెంటు ఇచ్చుటలో ఉన్నది. ఈ భేదమును వివరించుటకే నేడు ఈ అంశమును ఎన్నుకొన్నాను.

మన విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారు 1928లో తమ పరిశోధనకు మొదట సూర్యకాంతిని, పిమ్మట పాదరస దీపమును వాడుకొన్నారు. ఆనాటికి లేసర్ లేదు. 1960లో అమెరికాలో మైమన్ కెంపు కడ్డీతో తొలి లేసర్‌ను వెలిగించాడు. 1962లో రాబర్ట్ హాల్ బృందం అర్ధవాహకపు ముక్కతోనే లేసర్ పుట్టించింది. అయితే దానిని ద్రవ నత్రజనిలో చల్లార్చి, క్షణకాలపు విద్యుత్ ఘాతాలతో మాత్రమే పని చేయించగలిగారు. మామూలు గది వేడిమిలో ఎడతెగక వెలిగే డయోడు 1970లో వచ్చింది. లెనిన్‌గ్రాడులో అల్ఫెరోవ్ బృందము, అమెరికాలో హయాషి, పానిష్‌లు ఇంచుమించు ఒకే కాలంలో దానిని సాధించారు. 1982లో సి.డి. యంత్రములు విపణిలోకి రావడంతో, ఈ వస్తువు ఇంటింటికీ చేరింది. ఇప్పుడు తిరిగి చెత్తకుప్పకు చేరింది.

పెట్టె మీద అతికించిన చీటీలో "క్లాసు 1 లేసర్" అని ఉంటుంది. క్లాసు 1 అంటే కంటికి హాని చేయనిది. దీనిని చదివి పిల్లలేమిటి, పెద్దలు కూడా నిశ్చింత పడుతున్నారు. ఆ హామీ మూత వేసి ఉన్న పెట్టెకే గాని లోపలి డయోడుకు కాదు. మూత విప్పిన మరుక్షణం ఆ చీటీకి విలువ లేదు. పులి బోనులో ఉన్నంతవరకే బోను మీది పలక నిజమని నేను పిల్లలకు చెబుతుంటాను.

కాబట్టి గుర్తింపు మొదటి పని. ఏ యంత్రము నుండి తీశామో అప్పుడే కాగితం మీద వ్రాసి డయోడుతోబాటు ఉంచవలెను. విడిగా దొరికిన డయోడు ముఖం చూసి జాతి చెప్పుట దాదాపు అసాధ్యం. అన్నీ మూడు కాళ్ల చిన్న లోహపు టోపీలే, ఎక్కువ వాటి వెడల్పు 5.6 మిల్లీమీటర్లే. సి.డి. యంత్రపు డయోడు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డి.వి.డి.ది 650, బ్లూరే యంత్రానిది 405. డి.వి.డి. పెట్టెలో 780, 650 రెండూ ఉంటాయి. కేవలం చదివే సి.డి. యంత్రపు డయోడు వెలువరించేది కొద్ది మిల్లీవాట్లు మాత్రమే. బిళ్లపై వ్రాసే డి.వి.డి. యంత్రపు ఎర్ర డయోడు వంద మిల్లీవాట్లకు పైబడి ఇవ్వగలదు. పైకి ఈ రెండు పెట్టెలూ కవలపిల్లల్లా ఉంటాయి.

2019 డిసెంబరు 26న మన జిల్లాలో పాక్షికంగా కనిపించిన సూర్యగ్రహణం మీకు జ్ఞాపకముండవచ్చును. ఆనాడు పిల్లలను సూర్యుని వైపు చూడవద్దని మనమంతా కట్టడి చేశాము. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు రెండు మిల్లీమీటర్ల కంటిపాప గుండా లోపలికి పంపే శక్తి సుమారు మూడు మిల్లీవాట్లు. లేసర్ కిరణం చెదరని కిరణం గనుక, అదే మూడు మిల్లీవాట్లను కంటి కటకం సూర్యబింబం కంటే ఎంతో చిన్న చుక్కగా రెటీనా మీద కూర్చగలదు. రెటీనాకు నొప్పి తెలియదు. చురుక్కుమనదు, మంట పుట్టదు. చూపు నడిమి భాగంలో ఒక మచ్చ మిగిలిపోతుంది, అంతే.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ప్రకాశాన్ని బట్టి శక్తిని అంచనా వేయడం మన కంటికి అలవాటు. ఒకే శక్తి గల 780 కిరణం కంటె 650 కిరణం మన కంటికి సుమారు ఏడువేల రెట్లు ప్రకాశవంతంగా తోస్తుంది. కనుక సి.డి. డయోడు మసక మసకగా, ఆరిపోతున్న నిప్పు కణికలా కనిపిస్తుంది. "ఇది సరిగా వెలగడం లేదు" అనుకొని కుర్రవాడు ముఖం దగ్గరకు తెచ్చుకుంటాడు. తీవ్రమైన వెలుగు పడితే పావు క్షణంలో రెప్ప పడి కంటిని కాపాడుతుంది. ఈ మసక వెలుగుకు ఆ రెప్ప కూడా పడదు. అందువలన డయోడు వెలిగిందో లేదో తెలుసుకొనుటకు కంటిని పరికరంగా వాడరాదన్నది మా ప్రయోగశాల మొదటి నియమం.

ఇక పరీక్ష. ముందుగా, మన ఒంటిపై పేరుకొనే స్థిర విద్యుత్తు చాలు ఈ డయోడును చంపడానికి. తీగలు అతికేవరకు మూడు కాళ్లను సన్నని రాగి తీగతో కలిపి చుట్టి ఉంచవలెను. ఆ టోపీలో లేసర్‌తో పాటు దానిని కనిపెట్టుకొని ఉండే ఒక ఫోటో డయోడు కూడా ఉంటుంది. కాళ్ల అమరిక అన్నిటికీ ఒకటి కాదు. అంకెల మీటరును డయోడు గుర్తు వద్ద ఉంచి చూస్తే ఫోటో డయోడు మామూలు సిలికాన్ డయోడు వలె తక్కువ వోల్టేజీ చూపుతుంది. లేసర్ అంతకు రెట్టింపు పైగా చూపుతుంది, లేదా మీటరు అందుకోలేక ఊరకుంటుంది. పాత ముల్లు మీటరులో పెద్ద ఓముల స్థానం మాత్రం వద్దు. దానిలో తరచుగా తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. లేసర్ డయోడు ఎదురు దిశలో రెండు వోల్టులకు మించి ఓర్వలేదు.

బ్యాటరీని నేరుగా తగిలించి చూడటం మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. లేసర్ విషయంలో అది చెల్లదు. దానికి కావలసినది స్థిరమైన ప్రవాహం. ఎల్.ఎం. 317 అనే చౌకైన మూడు కాళ్ల నియంత్రకమును, ఒక నిరోధమును కలిపితే అది సిద్ధమవుతుంది. 1.25ను నిరోధపు ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 39 ఓములకు 32 మిల్లీఆంపియర్లు, 27 ఓములకు 46. మొదట లేసర్‌కు బదులు మూడు మామూలు డయోడ్లు, ఒక ఓము నిరోధం వరుసగా పెట్టి కొలవవలెను. ఆ ఒక ఓము మీద ఎన్ని మిల్లీవోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీఆంపియర్లు. సరిచూసిన పిదప కరెంటు ఆపి, కెపాసిటరులో మిగిలిన ఆవేశాన్ని పూర్తిగా ఖాళీ చేసి, అప్పుడు లేసర్‌ను కలిపి కాళ్లకు చుట్టిన తీగను విప్పాలి. అందులో మిగిలిన ఆవేశం ఒక్కసారిగా దూకి డయోడును కాల్చివేస్తుంది. వెలగని డయోడ్లలో చాలా వాటి కథ ఇదే.

తక్కువ ప్రవాహంలో అది మామూలు ఎల్.ఇ.డి. వలె ఉంటుంది. ఒక హద్దు దాటగానే వెలుగు హఠాత్తుగా పెరుగుతుంది. సి.డి. డయోడ్లలో ఎక్కువ వాటికి ఆ హద్దు 30 నుండి 50 మిల్లీఆంపియర్ల మధ్య ఉంటుంది. దీనిని నలుపు పూసిన పెట్టెలో, తెల్ల అట్టముక్కపై పడే మచ్చను ఫోను కెమెరా తెరలో చూసి తెలుసుకోవలెను. ఫోనును కిరణానికి అడ్డంగా పట్టరాదు. గది వెలుతురుగా ఉండాలి, చీకటిలో కంటిపాప విచ్చుకుంటుంది. గాజులు, గడియారం, ఉంగరం తీసివేయాలి. కిరణం కూర్చున్న వారి కంటి ఎత్తున పోరాదు. నల్ల కళ్లద్దాలు పనికిరావు సరికదా, వాటి చీకటికి పాప విచ్చుకొని మరింత కీడు. ఆ తరంగదైర్ఘ్యం, ఓ.డి. అంకె స్పష్టంగా ముద్రించిన రక్షణ కళ్లద్దాలే కావాలి. ఓ.డి. 4 అంటే పదివేల వంతులలో ఒక వంతు మాత్రమే లోపలికి వస్తుందని అర్థం.

మన పాఠశాలలో సి.డి. యంత్రపు డయోడును మాత్రమే, ఉపాధ్యాయుని సమక్షంలో, ఇట్లు పరీక్షించనిస్తున్నాము. వ్రాసే డి.వి.డి. యంత్రాలవి, బ్లూరేవి విప్పి చూపుతాము గాని వెలిగించము. ఇది పిరికితనమని ఒకరిద్దరు పెద్ద తరగతి విద్యార్థులు నాతో వాదించారు. వాదించడం నాకు సంతోషమే, నియమం మాత్రం మారదు. హోసూరు, బెంగళూరు కర్మాగారాలలో ఉన్న మన పూర్వ విద్యార్థులను నేను కోరేది ఒక్కటే. శాలువాలు, పూలదండలు వద్దు. 780 నానోమీటర్లకు తగిన రక్షణ కళ్లద్దాలు నాలుగు జతలు ఇప్పించండి. ప్రస్తుతం ఉన్నవి రెండే జతలు కాబట్టి, ఒక్కసారికి ఒక విద్యార్థి, ఒక ఉపాధ్యాయుడు మాత్రమే పెట్టె వద్ద నిలువగలుగుతున్నారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటిలో గాని, తిరునాళ్లలో కొన్న లేసర్ బొమ్మతో గాని, పిల్లవాని కంట కిరణం పడినదని తెలిస్తే తిట్టకండి. తిట్టితే మరొకసారి చెప్పడు. ఒక కంటిని మూసి రెండవ కంటితో గీతల కాగితాన్ని చూడమనండి. రెండు కళ్లనూ అట్లే విడివిడిగా పరీక్షించండి, ఎందుకంటే రెండూ తెరచి ఉంటే ఒకదాని లోపాన్ని మరొకటి కప్పిపుచ్చుతుంది. గీతలు వంగినా, నడుమ మచ్చ కనిపించినా, ఏమీ కనిపించకపోయినా సరే, ఆ రోజే కంటి వైద్యుని వద్దకు తీసికొని వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ డయోడును, అది ఏ యంత్రములోనిదో వ్రాసిన కాగితమును వెంట తీసుకుపొండి.