మంథని నుంచి రామ్‌టెక్ దాకా
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం గురించి చెప్పమన్నారు. మన రాజురాలో, మరాఠీ బడిలో చదివే తెలుగు పిల్లల ముందు నిలబడితే నాకు పి.వి. నరసింహారావు గారే గుర్తొస్తారు. ప్రధానమంత్రిగా ఆయన గురించి మీరు చదివే ఉంటారు. నేను చెప్పేది 1957 నుంచి 1997 దాకా, 1991లో కొన్ని నెలలు తప్ప, చట్టసభలోనే ఉన్న పి.వి. గురించి.

అమెరికాలో జాన్ డింగెల్ అని ఒకాయన ఉండేవారు. తండ్రి మరణంతో ఖాళీ అయిన స్థానంలో 1955లో గెలిచి, 59 ఏళ్ళు అక్కడి ప్రతినిధుల సభలో కూర్చున్నారు. అదంతా ఒక్క మిషిగన్ రాష్ట్రం నుంచే. పి.వి. గారివి అన్ని ఏళ్ళు కావు. కాని ఆయన మూడు రాష్ట్రాల ఓటర్ల దగ్గర గెలిచారు.

1948 దాకా మన రాజురా నిజాం రాజ్యంలో ఉండేది. వార్ధా నది దాటితే చాందా, అంటే నేటి చంద్రపూర్, నిజాం చెయ్యి అందని చోటు. వందేమాతరం పాడినందుకు 1938లో పి.వి.ని కాలేజీ నుంచి తీసేస్తే, ఆయన పూనా ఫెర్గూసన్ కాలేజీలో, ఆ తర్వాత నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు. 1947-48లో నిజాం మీద పోరాటానికి చాందా సరిహద్దు శిబిరంలో పనిచేశారు. మరాఠీ ఆయనకు అలా వంటబట్టింది. ఎంత బాగా అంటే, హరి నారాయణ్ ఆప్టే గారి మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు.

1957లో మంథని నుంచి శాసనసభకు వెళ్ళి, అక్కడే వరుసగా నాలుగుసార్లు గెలిచారు. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. భూస్వాముల కుటుంబంలో పెరిగిన మనిషి 1972లో భూపరిమితి బిల్లు తెచ్చారంటే చిన్న సంగతి కాదు. 1973 జనవరిలో, ప్రత్యేకాంధ్ర ఆందోళన మధ్య, పదవి పోయింది. శాసనసభ్యత్వం మాత్రం ఉంది. వెనక బెంచీలో కూర్చోవడం కూడా ఆయనకు తెలుసు.

అసలు సంగతి 1984. ఆయన హన్మకొండలోనూ, నాగపూర్ జిల్లా రామ్‌టెక్‌లోనూ పోటీ చేశారు. సొంత గడ్డ హన్మకొండలో బీజేపీ అభ్యర్థి జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. ఆ ఏడు దేశం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చింది రెండే సీట్లు, అందులో అదొకటి! రామ్‌టెక్ మాత్రం గెలిపించింది. మన విదర్భ వాళ్ళు ఒక తెలుగాయనను, మరాఠీలో తమతో మాట్లాడగలిగిన మనిషిని, లోక్‌సభకు పంపారు. 1989లో మళ్ళీ పంపారు. ఆ తర్వాత 1991లో నంద్యాల 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీ ఇచ్చింది. 1996లో ఒడిశాలోని బరంపురం కూడా గెలిపించింది.

ఆయన చేసినవన్నీ ఒప్పులే అనను. 1992 డిసెంబరులో అయోధ్యలో మసీదు కూలినప్పుడు ప్రధాని ఆయనే. ఆ బాధ్యత చరిత్రలో ఆయన పేరు పక్కనే ఉంటుంది.

కొందరు తల్లిదండ్రులు నాతో అంటుంటారు, "ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లవాడికి బడిలో మరాఠీ రాదేమో సార్" అని. పి.వి. గారికి ఏ భాషా ఇంకో భాషకు అడ్డు రాలేదు. ఇంట్లో తెలుగు మానకండి, బడిలో మరాఠీని చిన్నచూపు చూడకండి.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. రామ్‌టెక్ ఎంపీగా ఉండగానే, 1985లో, ఆయన మానవ వనరుల శాఖ మంత్రి అయ్యారు. నవోదయ విద్యాలయాలు మొదలైంది అప్పుడే. మొదటి రెండింటిలో ఒకటి మన అమరావతిలో పెట్టారు. ఇప్పుడు మన జిల్లాలోనూ ఉంది. చదువు, వసతి, భోజనం అక్కడే. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. 9వ తరగతిలో కొందరిని ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపుతారు. ప్రవేశ పరీక్ష 5వ తరగతి పిల్లలకు, మరాఠీలో రాయవచ్చు. మీ ఇంట్లో ఈ ఏడు ఐదో తరగతి చదివే వాళ్ళుంటే సభ అయ్యాక నన్ను కలవండి, ఫారం నింపేటప్పుడు నేను పక్కన కూర్చుంటాను.